రెండో చుక్క

ఆఖరి మెట్రో యశ్వంతపుర దాటితే గానీ
మా బల్ల నిద్రపోదు.
నాలుగు గాలితిత్తుల మీద తేలే ఉక్కుబల్ల,
అయినా రైలు పోయిన ప్రతిసారీ
గోడ మీది ఎర్రచుక్క వణుకుతుంది
జ్వరం తగిలిన పిల్ల కనురెప్పలా.
పదకొండున్నర దాకా ఊరికే కూర్చుంటాం
నేనూ, గంగులప్పా,
ఫ్లాస్కులో అడుగంటిన కాఫీ.

గోరంత పలక. లిథియం నయోబేట్ అని పేరు.
వేడి తగిలితే అలుగుతుంది
గబుక్కున చల్లారిస్తే చిట్లుతుంది.
మూడింటిని నేనే చంపాను.
మూడోది పోయినప్పటి చప్పుడు, టిక్‌మని,
గంగులప్పకి వినపడలేదు.
ఆయన ఎడమచెవి కోలార్ గని అడుగున ఉండిపోయింది
గని మూతబడటానికి రెండేళ్ళ ముందు
ఒక మందుపాతరతో పాటు.

ఇప్పుడాయన పని బంగారు తీగ అతకడం.
వెంట్రుకలో మూడోవంతు లావు.
"మా నాయన కొండంత రాయి పగలగొడితే
చిటికెడు తేలేది బంగారం.
నేను ఆ చిటికెడుతో ఏడాది నెట్టుకొస్తా ఉండా" అంటాడు,
మైక్రోస్కోప్ మీంచి కన్ను తీయకుండానే.

పలక మీద రెండు దువ్వెనలు
పళ్ళల్లో పళ్ళు దూర్చుకుని, తగలకుండా.
వాటికి ఊపు అందిస్తే
పలక చర్మం జలదరిస్తుంది
సెకనుకి పదిహేడు కోట్ల సార్లు.
కుక్కకి అందదు. గబ్బిలానికీ అందదు.
ఈ గదిలో గంగులప్పా నేనూ
సమానంగా చెవిటివాళ్ళం.

వెలుగు వస్తుంది, పలక పైపొరలోనే పారుతూ.
దాని పరుగు ముందు ఆ శబ్దం కదలనే కదలదు,
చిక్కపేటలో రాత్రి దించేసిన షట్టరు మడతల్లా
ఉన్నచోటే నిలబడి ఉంటుంది.
ఆ మడతలు తగిలి వెలుగు కాస్త పక్కకి ఒరుగుతుంది.
ఒరిగినందుకు రంగు కూడా మారుతుంది,
ఏ కంటికీ తెలియనంత.
రాసుకుంటూ వెళ్ళినవాళ్ళెవరూ వచ్చినట్టే వెళ్ళరని
థీసిస్‌లో ఒక వాక్యం రాశాను.
హెగ్గడె సార్ ఎర్రసిరాతో గీత కొట్టి
"సమీకరణం చాలు" అని పక్కన రాశారు.

ఈ రాత్రి నాలుగో పలక.
బస్సు టికెట్టు వెనక్కి తిప్పి పట్టుకున్నాను,
తెరకి అంతకంటే మంచి కాగితం దొరకలేదు.
ఒక్కటే చుక్క.
నాబ్ తిప్పాను. ఒక్కటే.
ఇంకా తిప్పాను. ఇంకెంత తిప్పను?
గంగులప్ప వంగి చూశాడు. "తీగ లేచిండాది."
ఊపిరి బిగబట్టి, సూది దించి,
నలుసంత బంగారాన్ని మళ్ళీ కూర్చోబెట్టాడు.

అప్పుడు, మొదటిదానికి వేలెడు దూరంలో,
సిగ్గుపడుతూ రెండో చుక్క.
ఊపు మార్చితే నడుస్తుంది.
ఆపితే లేదు.
నేను కేకేశాను. ఆయన కుడిచెవి మూసుకున్నాడు.

ఒంటిగంటకి, ఎవరినీ అడక్కుండా,
డాబా మీది యాంటెన్నా తీగ తెచ్చి
ఆంప్లిఫైయర్‌కి తగిలించాం.
టికెట్టు మీద మసక చుక్కలు
ఒకటి వెలిగి, ఒకటి ఆరి, ఇంకోటి.
స్టేషన్లో వాకీటాకీలు.
యార్డువాళ్ళు ఒకచోట, పార్సిలువాళ్ళు ఇంకోచోట,
ఎవరి మాట ఎంత మీటితే అంత ఒరిగి
ఎవరి చోట్లో వాళ్ళు.
ఏం మాట్లాడుకుంటున్నారో తెలీదు.
మీట నొక్కారు, వదిలారు, అంతే తెలుస్తుంది.

గంగులప్ప కుర్చీ ముందుకి లాక్కున్నాడు.
చాలాసేపు చూశాడు.
ఒక చుక్క కింద గోరు ఆనించి
"ఈయప్ప ఎవురో, ఎదుటోడ్ని
మాట్లాడనీడం లే" అన్నాడు.

కాఫీ అయిపోయింది.
పాల రైలేదో యార్డులోకి వచ్చినట్టుంది,
అన్నీ ఒక్కసారి వణికాయి.